ఒంటి మీద పొక్కు కనబడగానే ట్యూబు అడగొద్దు

శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యాయంటే, ప్రొద్దుటూరులోని మా మెడికల్ షాపుకు మందుల చీటీల కంటే ఫోన్లో ఫొటోలు ఎక్కువ వస్తాయి. పిల్లవాడి వీపు, భార్య మెడ, కొందరైతే మొహమాటపడుతూ తమ తొడ. "అన్నా, ఇది చూసి మంచి ట్యూబు ఒకటియ్యి" అంటారు. నేను డి.ఫార్మసీ చదివి కౌంటర్లో నిలబడేవాణ్ని, డాక్టర్ను కాను. కానీ ఏ పొక్కుకు ఇంట్లోనే చూసుకోవచ్చో, దేనికి ట్యూబు కొంటే నష్టమో, దేనికి ఆ పూటే ఆసుపత్రికి పోవాలో చెప్పగలను. అమ్ముకునేవాడే కొనొద్దంటున్నాడంటే కొంచెం వినండి.

ముందు ఆటలమ్మ సంగతి. ఈ సీజన్లో ఎక్కువ అదే.

చొక్కా విప్పి చూడండి. ముఖం మీద ఒక పొక్కు చూసి తేల్చేయకూడదు. ఆటలమ్మ ఎక్కువగా ఛాతీ, వీపు, ముఖం, తల మీద మొదలై తర్వాత చేతులకూ కాళ్లకూ పోతుంది. తల వెంట్రుకలు పాయలు తీసి చూడండి, నోరు తెరిపించి చూడండి, అక్కడ కూడా ఉంటాయి. ముందు ఎర్ర చుక్క, తర్వాత చిన్న గుల్ల, ఆ ఎరుపు మీద నీటి చుక్క పెట్టినట్టు పొక్కు, చివరికి పక్కు. అసలు గుర్తు ఏమిటంటే ఈ దశలన్నీ ఒకే సమయంలో ఒకే వీపు మీద కనబడతాయి. నిన్నటివి పక్కు కడుతుంటే పక్కనే కొత్తవి లేస్తుంటాయి. దురద ఎక్కువ, జ్వరం ఉంటుంది.

జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం ముందొచ్చి, మూడు నాలుగు రోజులకు చెవుల వెనక, నుదుటి దగ్గర ఎర్రగా పేలి కిందికి దిగితే అది తట్టు. అందులో నీటి పొక్కులు ఉండవు. తట్టు అనిపిస్తే మీ ఏరియా ఏ.ఎన్.ఎం.కో ఆశా వర్కర్‌కో తప్పక చెప్పండి, అది వాళ్లు రాసుకోవాల్సిన జబ్బు. అరచేతులు, అరికాళ్లు, నోట్లో మాత్రమే పొక్కులుండి పిల్లవాడు అంగన్‌వాడీ వయసువాడైతే అది ఇంకోటి, చేయి-కాలు-నోటి జబ్బు అంటారు, వారం పది రోజుల్లో పోతుంది. పొక్కులు వేళ్ల సందుల్లో ఉండి రాత్రిపూట దురద చంపేస్తుంటే గజ్జి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మా వీధిలో ముసలివాళ్లు కొందరు పొక్కులనగానే పెద్దమ్మవారని భయపడతారు. వాళ్ల చిన్నప్పుడు మశూచి చూశారు, ఆ గుంటల ముఖాలు చూశారు, ఆ భయం అబద్ధం కాదు. కానీ మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో. ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. ఇప్పుడు ఇంట్లో పోసేది చిన్నమ్మవారే, అంటే ఆటలమ్మే. దానికి కారణం వేరే వైరస్.

క్యాలెండర్లో తేదీ గుర్తు పెట్టుకోండి

మొదటి పొక్కు కనబడిన రోజును గోడ మీది క్యాలెండర్లో పెన్నుతో గుండ్రంగా చుట్టండి. ఇది మందు కంటే ముందు చేయాల్సిన పని. పొక్కు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆ పిల్లవాడు ఇంకొకరికి అంటిస్తుంటాడు. చివరి పొక్కు పక్కు కట్టేదాకా అంటిస్తూనే ఉంటాడు. అంటే మామూలుగా ఐదు నుంచి ఏడు రోజులు. పక్కులన్నీ రాలిపోయేదాకా బడి మాన్పించనక్కర్లేదు. కొత్తవి లేవడం ఆగి, ఉన్నవన్నీ ఎండితే చాలు.

ఇంట్లో ఇంకో పిల్ల ఉంటే దానికి వేరే లెక్క. అంటుకున్న తర్వాత బయటపడడానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు పడుతుంది, ఎక్కువమందికి రెండు వారాలకు కాస్త అటూ ఇటూ. మార్చి ఒకటిన అన్నకు కనబడితే, చెల్లెలికి తొమ్మిది పది తారీఖుల నుంచి నెలాఖరు దాకా ఎప్పుడైనా రావచ్చు. ఇదివరకు రానివాళ్లు ఒకే ఇంట్లో ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుతుంది. అదే ఇంట్లో మొదటివాళ్ల నుంచి అంటుకుని రెండోవాళ్లుగా పడినవాళ్లకు పొక్కులు కొంచెం ఎక్కువే ఉంటాయి. ఆ రోజుల్లో పదో తరగతి పరీక్షలో, ఊళ్లో జాతరో, అక్క పెళ్లో ఉందా అని ముందే చూసుకోండి. పరీక్ష ఉంటే బడిలో హెడ్‌మాస్టర్‌కు ముందుగా చెప్పి వేరే గది అడగాలి. పొద్దున్నే పొక్కులతో హాలు టికెట్ పట్టుకుని పోతే మిగతావాళ్ల గతేమిటి?

జ్వరానికి ఒక్కటే మందు

పారాసెటమాల్. అంతే. డిస్ప్రిన్ లాంటి ఆస్పిరిన్ మాత్రలు పిల్లలకు అసలు ఇవ్వొద్దు, ఆటలమ్మలో ఆస్పిరిన్ పడితే మెదడుకూ కాలేయానికీ ప్రమాదం తెచ్చే జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. పొక్కుల్లో చీము పట్టి చర్మం లోతుకు పాకే ఇన్ఫెక్షన్‌కూ దానికీ సంబంధం ఉందని తేలింది. మన దగ్గర చిక్కేమిటంటే "ఫాస్ట్‌గా తగ్గాల" అని అడిగితే ఇచ్చే సిరప్‌లలో పారాసెటమాల్‌తో ఐబుప్రొఫెన్‌ గానీ మెఫెనమిక్ యాసిడ్ గానీ కలిపి ఉంటుంది. సీసా మీద చిన్న అక్షరాలు చదవండి. పారాసెటమాల్ ఒక్కటే రాసి ఉండాలి.

డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు పదిహేను మిల్లీగ్రాముల లోపు. పది కిలోల బిడ్డకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. సిరప్ 5 ఎం.ఎల్.కు 125 అని ఉంటే అది 6 ఎం.ఎల్. అదే 250 అని ఉంటే 3 ఎం.ఎల్. మాత్రమే. రెండు రకాల సీసాలూ మీ ఇంట్లోనే ఉండొచ్చు, రెండూ గులాబీ రంగే. పోయినసారి 6 పోశాం కదా అని ఈసారి 250 సీసాలోంచి 6 పోస్తే రెట్టింపు పడుతుంది. చెంచా కాదు, మూతతో వచ్చే కొలత గ్లాసు వాడండి. ఒక డోసుకూ ఇంకో డోసుకూ నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం, రోజుకు నాలుగు సార్లు మించొద్దు. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో ఏ సిరప్పూ పోయకుండా డాక్టర్ దగ్గరికే.

యాంటీబయాటిక్ అడగొద్దు. ఇది వైరస్, దానికి అది పనిచేయదు. చీము పట్టినప్పుడు డాక్టర్ రాస్తే అది వేరే మాట.

దురద దగ్గరే అంతా ఉంది

ఆటలమ్మ తనంతట తాను పోతుంది. మచ్చ మిగిలేదీ, చీము పట్టేదీ గోరు వల్లే. కాబట్టి మొదటి రోజే గోళ్లు కత్తిరించి, కొసలు ఆకురాయితో నున్నగా రుద్దండి. చిన్నపిల్లలకైతే రాత్రి చేతులకు పాత కాటన్ సాక్సులు తొడగండి. కాలమైన్ లోషన్ సీసాను బాగా కుదిపి, దూదితో పొక్కుల మీద అద్దండి, రోజుకు మూడు నాలుగు సార్లు. కంటి దగ్గరా నోటి లోపలా వద్దు. రాత్రి నిద్ర పట్టకపోతే దురద తగ్గే సిరప్ ఉంది, అది బిడ్డ వయసు చెప్పి డాక్టర్నే అడగండి.

పాత నేత చీర నాలుగు మడతలు వేసి పరుపు మీద పరవండి. మా వైపు బండల మిద్దెలు రాత్రి పదైనా వేడి కక్కుతూనే ఉంటాయి, చెమట పట్టే కొద్దీ దురద పెరుగుతుంది. కింది గదిలోనో వసారాలోనో దోమతెర కట్టి పడుకోబెట్టండి.

స్నానం మాన్పించొద్దు. ఏడో రోజుదాకా నీళ్లు తగలకూడదని మా అమ్మ కూడా అంటుంది. గోరువెచ్చని నీళ్లు రోజూ పోస్తే పొక్కులు శుభ్రంగా ఉంటాయి, దురదా తగ్గుతుంది. రుద్దకూడదు, తువ్వాలుతో తుడవకుండా అద్దాలి. ఆ నీళ్లలో వేపాకు వేసుకుంటే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వేప మండతో మెల్లగా రాయడమూ మంచిదే, గోటి కంటే నయం. పసుపూ వేపాకూ నూరి పగిలిన పొక్కుల మీద మందంగా పట్టించడం మాత్రం వద్దంటాను. అది ఎండి పక్కుతో పాటు ఊడుతుంది, పైగా కింద ఎర్రబడిందా చీము పట్టిందా అన్నది కనబడదు.

ఇక ఆచారాల మాట. గుమ్మానికి వేపాకు కడతారు, చుట్టాలను రానివ్వరు, పోపు వేయరు, సుంకులమ్మకో మారెమ్మకో పెరుగన్నం పెడతారు. ఆ వేపాకు గుర్తు చూసి పక్కింటివాళ్లు పిల్లలను పంపకుండా ఉంటారు చూడండి, అంతకంటే మంచి బోర్డు ఏ ఆరోగ్య శాఖా పెట్టలేదు. నేను షాపులో చెప్పేది ఒకటే: అమ్మవారికి దండం పెట్టుకోండి, జ్వరానికి పారాసెటమాల్ వేయండి, ఒకదానికి ఇంకోటి అడ్డం రాదు. మందు వేస్తే అమ్మవారికి కోపమొస్తుందని మూడు రోజులు ఆపి, బిడ్డ నీరసించాక తీసుకొచ్చే వాళ్లను చూస్తేనే నాకు టెన్షన్.

తిండి విషయంలో కడుపు మాడ్చొద్దు. నోట్లో పొక్కులుంటే మన ఎర్రకారం, ఊరగాయ భగ్గుమంటాయి, అవి ఆపండి. చల్లారిన రాగిజావ, పెరుగన్నం, మజ్జిగ, మెత్తటి ఇడ్లీ, కొబ్బరినీళ్లు. గుడ్డు తింటానంటే పెట్టండి, దానివల్ల పొక్కులు పెరగవు. ఉప్పు మానేయాల్సిన పని లేదు. నీళ్లు తాగుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా అన్నది మాత్రం గమనిస్తూ ఉండండి.

ఆ పూటే డాక్టర్ దగ్గరికి పోవాల్సినవాళ్లు

పెద్దవాళ్లకు వస్తే "పిల్లల జబ్బే కదప్పా" అని ఇంట్లో కూర్చోవద్దు. పెద్దల్లో ఇది ఊపిరితిత్తులకు దిగుతుంది, బీడీ సిగరెట్ తాగేవాళ్లకు మరీ. ఏసైక్లోవిర్ అనే మందు ఉంది, పొక్కులు లేచిన ఇరవై నాలుగు గంటల లోపల మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. నాలుగో రోజు వచ్చి అడిగితే దానితో పెద్దగా ఉపయోగం ఉండదు. కీళ్ల నొప్పులకో ఉబ్బసానికో స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, క్యాన్సర్ మందులు తీసుకునేవాళ్లు, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లు, నెల లోపు పసిగుడ్డు, వీళ్లెవరికి వచ్చినా ఆగకూడదు.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇంకోటి. కూతురు కాన్పుకు పుట్టింటికి వస్తుంది, అదే ఇంట్లో అన్న కొడుకుకు పోస్తుంది. ఆమెకు చిన్నప్పుడు వచ్చి ఉంటే భయం లేదు. రాలేదన్నా, గుర్తు లేదన్నా, ఆమెకు పొక్కులు వచ్చేదాకా చూడకుండా వెంటనే ఆమె డాక్టర్‌కు ఫోన్ చేయండి. రక్తపరీక్షతో రక్షణ ఉందో లేదో తెలుస్తుంది, లేకపోతే పది రోజుల లోపల వేయదగ్గ యాంటీబాడీల ఇంజెక్షన్ ఉంది. ఐదో నెల లోపు అయితే కడుపులో బిడ్డకు, కాన్పు రోజుల్లో అయితే పుట్టే బిడ్డకు ముప్పు. నేరుగా పోయి కాన్పుల ఆసుపత్రి హాల్లో మిగతా గర్భిణుల మధ్య మాత్రం కూర్చోబెట్టొద్దు. ఫోన్ చేసి, ఎప్పుడు ఏ తలుపు నుంచి రావాలో అడిగి వెళ్లండి.

మామూలు పిల్లల్లో కూడా ఇవి కనబడితే ఆసుపత్రి: జ్వరం నాలుగు రోజులు దాటడం, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టడం, పొక్కు చుట్టూ ఎర్రగా వేడిగా వాచి నొప్పి పెట్టడం, నడిస్తే తూలడం, మెడ బిగుసుకోవడం, లేపినా మగతగా ఉండడం, ఆగని వాంతులు, ఆయాసం, పొక్కుల్లో రక్తం, కంట్లో పొక్కు. రాత్రి అయినా సరే.

టీకా ఉంది. రెండు డోసులు, ఏడాది దాటిన పిల్లలకు. గవర్నమెంటు ఉచిత టీకాల్లో ఇది లేదు, తట్టు టీకా ఉంది గానీ ఆటలమ్మది లేదు, ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకోవాలి. ఇంట్లో ఒకరికి పోసిన తర్వాత కూడా మూడు రోజుల లోపల, మహా అయితే ఐదు రోజుల లోపల, మిగతావాళ్లకు వేయిస్తే రాకుండా పోవచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది. గర్భిణులకు వేయరు. ఇంకో మాట: షాపులో టీకా కొని బండి డిక్కీలో పెట్టుకుని మన ఏప్రిల్ ఎండలో ఊరంతా తిరిగి ఆసుపత్రికి పోతే ఆ టీకా ఎందుకూ పనికిరాదు. ఐస్ డబ్బాలో ఇమ్మని అడగండి, లేదా ఆసుపత్రిలోనే తీసుకోండి.

ఇక ట్యూబుల కథ

నేను కౌంటర్లో ఎక్కువ తగాదా పడేది తామర దగ్గర. గజ్జల్లో, నడుము చుట్టూ గుండ్రంగా మచ్చ, అంచు ఎర్రగా లేచి ఉంటుంది, దురద. వచ్చినవాడు ట్యూబు పేరు చెప్పే అడుగుతాడు, స్నేహితుడు వాడాడట. ఆ ట్యూబులో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి, అందులో ఒకటి స్టెరాయిడ్. రెండు రోజుల్లో దురద మాయం, ఎరుపు మాయం. ఫంగస్ మాత్రం చావదు, చర్మంలో దాన్ని ఎదిరించే శక్తి తగ్గి హాయిగా పాకుతుంది. మానేసిన వారానికి రెట్టింపై వస్తుంది, మళ్లీ అదే ట్యూబు. నెలలు గడిచేసరికి తొడల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. ముఖం తెల్లబడుతుందని అదే క్రీమును ఆడపిల్లలు రాస్తున్నారు, అది ఇంకా ఘోరం. ట్యూబు వెనక క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏది కనబడినా చర్మం డాక్టర్ చీటీ లేకుండా రాయొద్దు.

చిన్న మచ్చ అయితే క్లోట్రిమజోల్ లాంటి ఒక్క మందు ఉన్న క్రీము తీసుకుని, మచ్చ అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు దాకా రోజుకు రెండుసార్లు రాయండి. మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు ఆపొద్దు. తడి లోదుస్తులు, బిగుతు జీన్సు మానండి, తువ్వాలు ఎవరిది వాళ్లకు వేరుగా ఉండాలి. నాలుగు వారాలకు తగ్గకపోయినా, ఒళ్లంతా పాకినా, గోళ్లకూ తలకూ వచ్చినా క్రీముతో పోదు, మాత్రలు కావాలి.

గజ్జి సంక్రాంతి సెలవులకు హాస్టల్ పిల్లల ట్రంకు పెట్టెల్లో వస్తుంది. దీనికి పర్మెత్రిన్ ఐదు శాతం క్రీము. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, బొడ్డు, చంకలు, గోళ్ల కింద వదలకుండా రాత్రి రాసి పొద్దున కడగాలి. దురద లేకపోయినా ఇంట్లో అందరూ అదే రాత్రి రాసుకోవాలి. రెండు నెలల లోపు పసిబిడ్డకైతే డాక్టర్నడిగి రాయండి. "పిల్లోనికొక్కనికే ఇయ్యి అన్నా, మాకు లేదులే" అన్న ఇంటి నుంచే నెల తిరక్కుండా మళ్లీ వస్తారు. ఆ పొద్దున దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండేయండి, ఉతకలేనివి మూడు నాలుగు రోజులు సంచిలో మూతి కట్టి పక్కన పెట్టండి. వారం పది రోజులకు ఇంకోసారి రాయాలి. పురుగు చచ్చాక కూడా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, అందుకని రోజూ రాయకండి.

చెమటకాయలకు మందేమీ లేదు, గాలి, చన్నీళ్లు, కాటన్ బట్ట. పౌడరు గుప్పెడు గుప్పెడు కొడితే రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి.

చివరిది సర్పి. కొందరు అక్కి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి పోయిన వైరస్ నరాల్లో దాక్కుని, యాభై అరవై ఏళ్లప్పుడో ఒంట్లో శక్తి తగ్గినప్పుడో లేస్తుంది. నడుముకో ఛాతీకో ఒక్క పక్కన మంట, సలుపు, రెండు మూడు రోజులకు ఆ పట్టీలోనే నీటి పొక్కుల గుంపు. అది పాములా చుట్టుకుని తలా తోకా కలిస్తే మనిషి దక్కడని భయపెడతారు. అది ఒక పక్క నరం వెంట వచ్చేది కాబట్టి మామూలుగా నడుమ గీత దాటదు. జాజు పూయించి మంత్రం వేయించుకుంటూ నాలుగు రోజులు పోగొట్టుకోవడమే అసలు నష్టం, ఎందుకంటే దీనికి మాత్రలు పొక్కులు లేచిన డెబ్బై రెండు గంటల్లో మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పొక్కులు మానినా ఆ మంట నెలల తరబడి పట్టుకునే ముప్పు ఎక్కువ. పొక్కులు ఎండేదాకా గర్భిణులనూ, ఆటలమ్మ రాని చిన్నపిల్లలనూ దగ్గరికి రానివ్వొద్దు, వాళ్లకు దీన్నుంచి ఆటలమ్మ అంటుతుంది. నుదుటి మీద, కనురెప్ప మీద, ముఖ్యంగా ముక్కు కొస మీద పొక్కు లేస్తే కంటికి దిగుతోందని అర్థం. అప్పుడు నా షాపు మెట్లెక్కకుండా నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి, ఆ రోజే.